కడుపులోని పొర చేసే మేలు

ఆదివారపు ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు తరచుగా వినబడే మాట ఒకటి ఉన్నది: "ఫలానా సహోదరునికి రెండు కిడ్నీలూ పాడైనవి. డయాలసిస్ చేస్తున్నారు. ప్రార్థించండి." ఒకప్పుడు ఈ మాట పెద్ద పట్టణాల సంఘాలలోనే వినబడేది. ఇప్పుడు పల్లె సంఘాలలో కూడా వింటున్నాము. డయాలసిస్ అనగానే మన కండ్ల ముందు కనబడేది ఆసుపత్రి గది, మనిషి ఎత్తు యంత్రము, చేతికి గ్రుచ్చిన రెండు లావుపాటి సూదులు. వారానికి రెండు మూడు సార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ఊరు దూరమైతే రానుపోను ప్రయాణము అదనము.

అయితే రక్తము బయటికి తీయకుండా, సూదులు లేకుండా, రోగి తన ఇంట్లోనే తన చేతులతో తానే చేసికొనగలిగిన డయాలసిస్ మరొకటి ఉన్నదని మనలో చాలమందికి తెలియదు. డాక్టరుగారు చెప్పినా, "కడుపుకు రంధ్రము పెడతారటండీ" అని భయపడి వద్దనుకునే కుటుంబాలు ఉన్నవి. దాని పేరు పెరిటోనియల్ డయాలసిస్. అది ఎక్కడ మొదలైనది, ఎన్ని చేతులు మారి మన ఇంటి గుమ్మము దాకా వచ్చినది, ఎవరికి పనికి వస్తుంది, ఎవరికి రాదు అన్న సంగతులు ఈ నెల కొంచెము వివరముగా చూద్దాము.

మన తెలుగు బైబిలులో 139వ కీర్తన 13వ వచనములో "అంతరింద్రియములు" అన్న మాట ఉన్నది గదా! హెబ్రీ మూలములో ఆ చోట ఉన్న మాటకు అసలు అర్థము మూత్రపిండములే. ఆ ప్రజలు మనిషి లోతైన తలంపులకు అవి నివాసమని భావించేవారు. అందుకే మన అనువాదకులు అలా మార్చారు. శాస్త్రము వాటిని మరో విధముగా చూస్తుంది గాని, చూచినకొద్దీ ఆశ్చర్యమే. పిడికిలంత అవయవము. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవమును రక్తములో నుండి వడగట్టి, అందులో పనికివచ్చేదంతా తిరిగి రక్తములోనికే పంపి, చివరకు ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా బయటికి వదులుతాయి. ఆ పని ఆగితే యూరియా, క్రియాటినిన్ వంటి మలినాలు, ఎక్కువైన నీరు, ఉప్పు, పొటాషియం రక్తములోనే నిలిచిపోతాయి. అన్నము సయించదు. వికారము, కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసము. పొటాషియం మితిమీరితే గుండె ఆగిపోవచ్చును.

డయాలసిస్ అన్న పదమును ఈ అర్థములో వాడుకలోనికి తెచ్చినవాడు స్కాట్లాండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం. సంవత్సరము 1861. సూత్రము వంటింటిలో చూడదగినదే. ఉప్పును గుడ్డలో మూటగట్టి గిన్నెడు నీటిలో వ్రేలాడదీస్తే, కొంతసేపటికి నీరంతా ఉప్పగా అవుతుంది. ఎక్కువ ఉన్న చోటి నుండి తక్కువ ఉన్న చోటికి ఉప్పు నడిచిపోతుంది. రక్తమునకు, శుభ్రమైన ద్రవమునకు మధ్య సన్నని రంధ్రాలున్న పొర ఒకటి ఉంటే, రక్తములోని మలినాలు కూడా అలాగే ఇవతలికి వస్తాయి. రక్తకణాలు పెద్దవి గనుక దాటలేవు. ఇక అదనపు నీటి సంగతి. మామిడి ముక్కలకు ఉప్పు చల్లి ఉంచితే నీరు ఊరుతుంది గదా! అదే విధముగా ద్రవములో గ్లూకోజు కలిపితే అది శరీరములోని అదనపు నీటిని తనవైపు లాగుకుంటుంది.

ఇంతకూ ఆ పొర ఏది? ఆసుపత్రి యంత్రములో అయితే అది కృత్రిమమైన పొర. పెరిటోనియల్ డయాలసిస్‌లో అది దేవుడు మన కడుపులోనే అమర్చినది. మేకను కోసినప్పుడు ప్రేగులను, లోపలి గోడలను అంటిపెట్టుకొని ఉండే పలుచని, మెరిసే పొరను మీరు చూచే ఉంటారు. మనకూ అట్టిదే ఉన్నది. దానినే పెరిటోనియం అంటారు. మడతలన్నీ విప్పి పరిస్తే ఒకటి నుండి రెండు చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు మన ఒంటి చర్మమంత వైశాల్యము. దానినిండా వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు. ఇంత మంచి జల్లెడ లోపలే ఉండగా దానిని కిడ్నీకి బదులుగా వాడుకోవచ్చునన్న ఆలోచన వచ్చి, అది నమ్మదగిన వైద్యముగా స్థిరపడడానికి మాత్రము ఏండ్లూ పూండ్లూ పట్టింది.

ఈ కథ మొదట్లో ఒక దైవసేవకుడు కూడా కనబడతాడు. 1740 ప్రాంతములో ఇంగ్లాండులో క్రిస్టఫర్ వారిక్ అనే శస్త్రవైద్యుడు, కడుపునిండా నీరు చేరిన ఒక స్త్రీకి ఆ నీరు తీసి, దానికి బదులు ఊటనీరు, ద్రాక్షారసము కలిపి లోపలికి పంపి చూచాడు. ఆమె తట్టుకోలేక సొమ్మసిల్లింది గాని బ్రతికింది. ఈ సంగతి లండను రాయల్ సొసైటీ వారికి చేరినప్పుడు, టెడింగ్టన్ గ్రామపు పాదిరి స్టీఫెన్ హేల్స్ ఒక సలహా వ్రాసి పంపాడు. కడుపుకు రెండువైపులా రెండు గొట్టాలు పెట్టి, ఒకదాని ద్వారా ద్రవము లోపలికి, రెండవదాని ద్వారా బయటికి పోనిస్తే రోగి అంత బాధపడడు అని ఆయన సూచన. గుర్రపు రక్తపోటును మొట్టమొదట కొలిచినది కూడా ఈ పాదిరిగారే. ఆయన చెప్పిన రెండు గొట్టాల పద్ధతిని సుమారు రెండువందల ఏండ్ల తరువాత నిజముగానే కిడ్నీ రోగులకు వాడారు. ప్రసంగాల మధ్య తీరిక దొరికినప్పుడు చేసిన ఆలోచన ఎంత దూరము పోయిందో చూడండి!

కిడ్నీ చెడిన మనిషికి ఈ పద్ధతిని మొదట ప్రయత్నించి 1923లో ప్రకటించినవాడు జర్మనీ దేశపు వైద్యుడు జార్జ్ గాంటర్. ముందు జంతువుల మీద చేశాడు. తరువాత, గర్భాశయ క్యాన్సరు వలన మూత్రనాళాలు మూసుకుపోయిన ఒక స్త్రీకి కడుపులోనికి ఒకటిన్నర లీటరు ఉప్పునీటి ద్రవమును పంపాడు. ఆమె కొంత తేరుకున్నది. అయితే ఒకసారి చేస్తే చాలదు, మలినాలు రోజూ పుడుతూనే ఉంటాయి గనుక మరల మరల చేయాలి. ఆమె ఎక్కువ కాలము బ్రతకలేదు. ద్రవము లోపల కొంతసేపు నిలువ ఉండాలి, సూక్ష్మక్రిములు చేరితే ప్రమాదము అని ఆనాడే గ్రహించారు. ఆ రెండవ ప్రమాదమే తరువాత ఈ వైద్యమును అరవై ఏండ్లు వెంటాడింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలములో రెండు పద్ధతులూ ఒకేసారి ముందుకు వచ్చినవి. హాలెండులోని కాంపెన్ పట్టణములో, జర్మనుల ఆక్రమణ క్రింద, విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు 1943లో కొయ్య పట్టీల డ్రమ్ముకు, మాంసము కూరే సెలోఫేన్ గొట్టమును చుట్టి, దానిలో రక్తము పోనిచ్చి శుద్ధి చేశాడు. అదే ఈనాటి రక్త డయాలసిస్ యంత్రములకు పూర్వీకురాలు. మొదటి రోగులలో చాలమంది చనిపోయారు. 1945లో బ్రతికిన మొదటి మనిషి 67 ఏండ్ల స్త్రీ. ఆమె శత్రువులతో చేతులు కలిపినందుకు చెరసాలలో ఉన్నది. అటువంటి మనిషికి ఎందుకీ శ్రమ అని అనుకున్నవారు ఆ పట్టణములో లేకపోలేదు. వైద్యుడు ఆమె నేరమును చూడలేదు, ఆమె రోగమును చూచాడు.

అమెరికాలోని బోస్టన్‌లో జేకబ్ ఫైన్, హోవర్డ్ ఫ్రాంక్, ఆర్నాల్డ్ సెలిగ్‌మన్ అనే ముగ్గురు, సల్ఫా మందు వికటించి మూత్రము నిలిచిపోయిన రోగికి రెండు గొట్టాలతో కడుపును ఎడతెగక కడిగి బ్రతికించి, 1946లో ఆ సంగతి ప్రకటించారు. అలా తాత్కాలికముగా కిడ్నీలు ఆగినవారిని కొద్ది రోజులు నిలబెట్టడానికి మార్గము దొరికింది. 1959లో లాస్ ఏంజెలిస్‌లో మార్టన్ మాక్స్‌వెల్ బృందము దానిని చాలా తేలిక చేసింది. తయారుచేసి సీలు వేసిన ద్రవపు సీసాలు, ఒక్క నైలాన్ గొట్టము. సీసాలను ఎత్తున వ్రేలాడదీస్తే ద్రవము లోపలికి పోతుంది. అవే సీసాలను నేలమీద పెడితే బయటికి వస్తుంది. యంత్రము అక్కరలేదు. మన దేశములో కూడా జిల్లా ఆసుపత్రులలో, చిన్నపిల్లల వార్డులలో ఇట్టి పద్ధతి చాలకాలము ప్రాణాలు కాపాడింది. వాంతులు విరేచనాలతో, పాముకాటుతో, కాన్పు కష్టమై కిడ్నీలు ఆగినవారిలో అనేకులు కొద్ది రోజుల్లో కోలుకుని నడిచి ఇంటికి వెళ్లారు.

కాని కిడ్నీలు శాశ్వతముగా పాడైనవారి మాటేమిటి? ఇక్కడే ఈ కథలో క్రైస్తవులమైన మనము తప్పక ఆగి చూడవలసిన ఘట్టము ఉన్నది.

ఎవరు బ్రతకాలి?

1960లో అమెరికాలోని సియాటిల్ నగరములో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు చేతి రక్తనాళాలలో ఎప్పటికీ ఉండిపోయే టెఫ్లాన్ గొట్టము అమర్చి, రక్త డయాలసిస్‌ను నెలల తరబడి, ఏండ్ల తరబడి చేయవచ్చునని చూపించాడు. అంతకు ముందు నిశ్చయముగా చనిపోవలసినవారు లేచి పనికి వెళ్లసాగారు. కాని యంత్రాలు కొన్నే, డబ్బు కొంచెమే, రోగులు అనేకులు. అప్పుడు ఆ కేంద్రము వారు ఊరిలోని ఏడుగురితో ఒక కమిటీ ఏర్పాటు చేశారు. ఒక న్యాయవాది, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక శస్త్రవైద్యుడు, ఒక పాదిరి. వైద్యపరముగా తగినవారని డాక్టర్లు పంపినవారిలో ఎవరిని యంత్రము మీద పెట్టాలో, ఎవరిని వదలివేయాలో ఈ ఏడుగురు తేల్చాలి. వయస్సు, సంపాదన, పిల్లలెందరు, చదువెంత అని విచారించేవారు. గుడికి వెళ్లేవాడా, సంఘములో పరిచర్య చేసేవాడా అన్నది కూడా వారి మాటలలో వచ్చేది. 1962 నవంబరులో లైఫ్ పత్రిక ఈ సంగతిని బయటపెట్టినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది.

ఆ ఏడుగురూ దుర్మార్గులేమీ కారు. జీతము లేకుండా, పేరు బయటకు రాకుండా, నిద్ర పట్టని రాత్రులు గడిపినవారే. అయినా నా మటుకు నాకు ఆ పాదిరిగారి కుర్చీలో కూర్చోవడమంటే భయము. ఆరాధనకు క్రమముగా వచ్చేవాడు రానివానికన్నా ఎక్కువ బ్రతకదగినవాడని మన ప్రభువు ఎక్కడ నేర్పించాడు? కాంపెన్ చెరసాలలోని ఆ స్త్రీ ఈ కమిటీ ముందుకు వస్తే ఆమె గతి ఏమయ్యేది? 1972లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి, మరుసటి ఏడు నుండి డయాలసిస్ ఖర్చును తానే భరించసాగిన తరువాత గాని అటువంటి ఎంపిక అక్కడ అక్కరలేకుండా పోలేదు. అయితే కమిటీ లేకపోయినా ఆ ప్రశ్న పోదు. మన ఇండ్లలో అది పేరు మార్చుకుని వస్తుంది. అయ్యకు వైద్యము చేయించాలా, చిన్నవాని చదువు కొనసాగించాలా? కొడుకుకయితే పొలము అమ్ముతాము, కోడలికయితే పుట్టింటివారు చూచుకోవాలి. ఈ మాటలు మనము విననివి కావు.

యంత్రాలు చాలని ఆ రోజులలోనే స్క్రిబ్నర్ వేరే మార్గము వెదికాడు. హాలెండు నుండి ఫ్రెడ్ బోయెన్ అనే వైద్యుని సియాటిల్‌కు పిలిపించాడు. బోయెన్ 1959లో పెరిటోనియల్ డయాలసిస్ మీద సమగ్రముగా పరిశోధన గ్రంథము వ్రాసినవాడు. ఆయన పెద్ద పెద్ద సీసాలలో ద్రవము పెట్టి తనంతట తానే నడిచే పరికరము చేశాడు. కాని గొట్టము కడుపులో ఉంచేస్తే క్రిములు చేరుతున్నవి. అందుకని ప్రతిసారీ కడుపుకు క్రొత్తగా రంధ్రము చేసి, గొట్టము పెట్టి, పని కాగానే తీసివేసేవారు. బోయెన్ దగ్గర పనిచేసిన హెన్రీ టెంకాఫ్ ఒక రోగిని ఇంటిలోనే ఉంచి చికిత్స చేయడానికి, చేసిన ప్రతిసారీ ఆ ఇంటికి వెళ్లి తానే గొట్టము పెట్టేవాడు. ఎంత ఓపిక! బహుశా ఆ తిరుగుడే ఆయనకు మంచి గొట్టము అవసరమెంతో నేర్పి ఉంటుంది. 1968లో ఆయన మెత్తని సిలికాన్ రబ్బరు గొట్టమునకు రెండు చోట్ల డేక్రాన్ పీచుతో పట్టీలు చుట్టాడు. చర్మము క్రింద ఉన్న ఆ పీచులోనికి మన కండ పెరిగి, గొట్టమును గట్టిగా పట్టుకుని, క్రిములకు దారి మూసివేస్తుంది. టెంకాఫ్ కాథెటర్ అనే పేరుతో ఈనాటికీ అదే, కొద్ది మార్పులతో, వాడుతున్నారు.

ఆస్టిన్ పట్టణములో ఒక లెక్క

ఇంత జరిగినా 1970ల మధ్య దాకా పెరిటోనియల్ డయాలసిస్‌ను రెండవ రకపు వైద్యముగానే చూచేవారు. రాత్రంతా మంచానికి అంటిపెట్టుకుని, ఎన్నో లీటర్ల ద్రవమును గబగబా పోసి తీస్తూ ఉండాలి.

1975లో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ పట్టణములో జాక్ మాంక్రీఫ్ అనే వైద్యునికి ఒక చిక్కు వచ్చింది. ఒక రోగికి రక్త డయాలసిస్ కొరకు చేతిలో చేసిన రక్తనాళపు జోడింపు మరల మరల పాడైపోతున్నది. డల్లాస్ నగరానికి మకాము మార్చి పెరిటోనియల్ డయాలసిస్ చేయించుకోమంటే ఆయన ఊరు విడిచి వెళ్లనన్నాడు. మాంక్రీఫ్ తోటి పరిశోధకుడు రాబర్ట్ పొపోవిచ్. ఆయన వైద్యుడు కాడు, విశ్వవిద్యాలయములో రసాయన ఇంజనీరు. ఇద్దరూ కాగితము, పెన్సిలు తీసికొని కూర్చున్నారు. ద్రవమును గబగబా మారిస్తే, అది మలినాలను పూర్తిగా నింపుకోకముందే బయటికి వచ్చేస్తున్నది. సగము నిండిన బుట్టలతో బండ్లు తోలినట్లన్నమాట. అలాగాక రెండు లీటర్లు పోసి, మూడు నాలుగు గంటలు కదలకుండా వదిలేస్తే, రక్తములో ఎంత యూరియా ఉన్నదో ద్రవములోనూ ఇంచుమించు అంతే నిండుతుంది. అలా రోజుకు ఐదుసార్లు, అంటే పది లీటర్లు మారిస్తే చాలునని లెక్క తేలింది. ద్రవము లోపల ఉన్నంతసేపు రోగి నడవవచ్చును, వంట చేసికోవచ్చును, ఉద్యోగానికి వెళ్లవచ్చును. ఆస్టిన్ రోగి విషయములో లెక్క నిజమైంది.

వారు 1976లో ఈ సంగతిని కృత్రిమ అవయవాల వైద్యసభకు పంపితే, సభవారు దానిని తిరస్కరించారు! మిస్సోరి రాష్ట్రపు కార్ల్ నోల్ఫ్ వారితో కలిసిన తరువాత 1978లో ఒక పెద్ద వైద్య పత్రికలో పూర్తి వివరాలు వచ్చినవి. ఎడతెగక, నడుస్తూ చేసే పెరిటోనియల్ డయాలసిస్ అన్న అర్థముతో దానికి సి.ఎ.పి.డి. అని పేరు పెట్టారు.

అప్పటికీ గాంటర్ నాటి శత్రువు అలాగే ఉన్నాడు. గాజు సీసాలు విప్పి తగిలించేటప్పుడల్లా క్రిములు లోపలికి పోయేవి. సుమారు పది వారాలకొకసారి రోగికి కడుపులో చీము పట్టేది. పరిష్కారము చాలా సామాన్యమైనది: ప్లాస్టిక్ సంచి. కెనడాలోని టొరంటోలో గ్రీసు దేశస్థుడైన దిమిత్రియోస్ ఒరియోపౌలోస్ 1977లో దానిని వాడసాగాడు. ద్రవము లోపలికి పోయిన తరువాత ఖాళీ సంచిని విప్పకుండా మడిచి నడుముకు కట్టుకుంటారు. గంటలు గడిచాక అదే సంచిని క్రింద పెట్టి నింపుతారు. విప్పడము, తగిలించడము తగ్గింది. జబ్బు కూడా తగ్గింది. 1980 ప్రాంతములో ఇటలీలోని పెరుజియాలో ఉంబెర్తో బ్వోన్‌క్రిస్తియాని బృందము పంగలకర్ర ఆకారపు గొట్టము తెచ్చింది. క్రొత్త సంచి తగిలించిన తరువాత ముందు కొంచెము ద్రవమును కడుపులోనికి కాక ఖాళీ సంచిలోనికి వదిలి, అతుకు దగ్గర చేరిన క్రిములను కడిగివేసి, ఆ తరువాతనే లోపలికి పోనిస్తారు. మన అమ్మమ్మలు కుళాయి క్రింద బిందె పెట్టేముందు మొదటి నీరు పారబోసేవారు చూడండి, అదే తెలివి. ఈ ఒక్క చిన్న మార్పుతో అంటురోగము బాగా తగ్గిపోయింది.

హాంకాంగ్ 1985 నుండి ఈ పద్ధతినే మొదటి వైద్యముగా పెట్టుకున్నది. థాయ్‌లాండు ప్రభుత్వము 2008లో దీనిని ఉచితముగా ఇవ్వసాగింది. 2022లో రెండు రకాలలో ఏది కావాలో రోగియే ఎంచుకొనేటట్లు మార్చింది. మన దేశములో సి.ఎ.పి.డి. 1991లో మొదలైంది.

ఇంటిలో ఎలా ఉంటుంది?

చిన్న ఆపరేషనుతో బొడ్డు ప్రక్కగా గొట్టము పెడతారు. సాధారణముగా రెండు వారాలు గాయము మానిన తరువాత మొదలుపెడతారు. రోగికి, ఇంట్లో మరొకరికి నర్సు శిక్షణ ఇస్తుంది. చదువు రానివారు కూడా చక్కగా నేర్చుకుంటున్నారు. రోజుకు మూడు నాలుగు సార్లు సంచి మార్చాలి. ఉదయము ఆరింటికి, మధ్యాహ్నము, సాయంత్రము, పడుకునేముందు అనుకోండి. పాతది తీయడానికి, క్రొత్తది పోయడానికి కలిపి అరగంట, నలభై నిమిషాలు. గోడకు గట్టి మేకు ఉంటే సంచి వ్రేలాడదీయవచ్చును. కరెంటు పోయినా ఫరవాలేదు. స్తోమత ఉన్నవారికి రాత్రి నిద్రలో తానే మార్చే యంత్రము కూడా ఉన్నది.

రోజుకు నాలుగు అంటే నెలకు 120 సంచులు, 240 లీటర్ల ద్రవము. కుటుంబాలు ముందుగా ఆలోచించని సంగతి ఇదే. ఆ పెట్టెలు పెట్టడానికి తడి, ఎలుకలు లేని చోటు ఇంట్లో ఉండాలి.

తీసిన ద్రవము లేత పసుపురంగులో, తేటగా ఉండాలి. నిండిన సంచిని ఈ పత్రిక మీద పెట్టి చూడండి. అక్షరాలు చదవగలిగితే మంచిదే. మసకగా ఉండి అక్షరాలు కనబడకపోతే, కడుపునొప్పి, జ్వరము లేకపోయినా సరే, ఆ సంచిని వెంట తీసికొని అదే రోజున ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దామనరాదు. త్వరగా మందు పడితే చాలమందికి నయమవుతుంది. ఆలస్యమైతే గొట్టము తీసివేయవలసి రావచ్చును, ప్రాణము మీదికి కూడా వస్తుంది.

మేళ్లు ఉన్నవి. రక్తపోటు ఒక్కసారిగా పడిపోదు గనుక గుండె బలహీనమైనవారు తట్టుకుంటారు. మిగిలి ఉన్న కాస్త మూత్రము ఎక్కువ కాలము నిలుస్తుంది. చిన్నపిల్లలు బడికి వెళ్లవచ్చును. పండ్లు, నీరు విషయములో కట్టుబాటు కొంచెము సడలుతుంది. నష్టాలు కూడా దాచకూడదు. ద్రవములోని గ్లూకోజు ఒంటికి పట్టి షుగరు, బరువు పెరుగుతాయి. మాంసకృత్తులు ద్రవముతో పోతాయి గనుక గ్రుడ్డు, చేప, పప్పు డాక్టరు చెప్పిన మేరకు ఎక్కువగా తినాలి. కడుపు ఆపరేషన్లు చాలా జరిగినవారికి ఇది కుదరకపోవచ్చును. కొన్ని ఏండ్ల తరువాత పొర అలసిపోయి, రక్త డయాలసిస్‌కు మారవలసి రావచ్చును. తగిన దాత దొరికితే కిడ్నీ మార్పిడి అన్నిటికన్న మేలు. మన దేశములో ఆ ఆపరేషను మొదట సఫలమైనది 1971లో, ఐడా స్కడ్డర్ దొరసానిగారు స్థాపించిన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాలలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇండ్లను తాకినదో మన పాఠకులకు తెలిసినదే. కొబ్బరి, జీడి తోటల్లో కూలి చేసికొనే మనిషి వారానికి మూడు రోజులు డయాలసిస్ కేంద్రానికి తిరిగితే ఆ ఇంటికి కూలి ఎక్కడిది? ఇట్టివారికి ఇంటిలోని డయాలసిస్ ఎంత మేలో చెప్పనక్కరలేదు. ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమము 2016లో మొదలైనప్పుడు రక్త డయాలసిస్ మాత్రమే ఇచ్చేవారు. 2019లో పెరిటోనియల్ డయాలసిస్‌కు కూడా మార్గదర్శకాలు ఇచ్చారు. కాగితము మీది మాట ప్రతి జిల్లాకూ ఒకేలా చేరదు. కాబట్టి ఆసుపత్రిలో ప్రభుత్వ పథకము చూచేవారిని "సంచుల డయాలసిస్ పథకములో ఉన్నదా? ఇక్కడ లేకపోతే ఎక్కడ ఉన్నది?" అని నోరు తెరచి అడగండి. సంఘములో సహాయము చేయదలచినవారు ఒక్కసారి పెద్ద మొత్తము ఇచ్చి ఊరుకునేకన్న, నెలకు ఇన్ని సంచులని పూనుకుంటే ఆ ఇంటికి ధైర్యము.

మన సంఘాలకు సంబంధించిన మూడు సంగతులు చెప్పాలి. ప్రార్థన చేయించుకున్నాము గనుక ఇక సంచులు అక్కరలేదని మానివేసినవారి కథలు మనము విన్నాము. అవి సాక్ష్యములుగా కాక సమాధి కార్యక్రమములుగా ముగిసినవి. కిడ్నీలు బాగైతే రక్తపరీక్షలో క్రియాటినిన్ చెబుతుంది, డాక్టరుగారే ఆపుతారు. స్వస్థపరచే దేవుడు రక్తపరీక్షకు భయపడడు. రెండవది, ఉపవాస ప్రార్థనలు. షుగరు ఉన్నవారికి, మాంసకృత్తులు పోగొట్టుకుంటున్న ఈ రోగులకు ఉపవాసము ప్రమాదము. వారిచేత చేయించవద్దు. మూడవది, బాప్తిస్మము. గొట్టము ఉన్నవారు చెరువులో, కాలువలో మునగకూడదు. ఆ నీటి క్రిములు గొట్టము ప్రక్కగా లోపలికి పోతాయి. బాప్తిస్మము పొందగోరేవారుంటే, పాస్టరుగారు ముందుగా రోగి డాక్టరుతో మాట్లాడి, శుభ్రమైన నీటి తొట్టి సంగతి, గొట్టము తడవకుండా కట్టే కట్టు సంగతి తేల్చుకోవాలి. తొందరపడవద్దు.

ఇక రోగిని చూడడానికి వెళ్లేవారికి ఒక మాట. సంచి మార్చే అరగంటలో ఆ గదిలో ఫ్యాను ఆపి, కిటికీ తలుపులు వేసి, మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో బాగా కడుక్కుని పని మొదలుపెడతారు. ఆ సమయములో పదిమంది గదిలోనికి వెళ్లి పాటలు పాడి, తలమీద చేతులుంచి ప్రార్థించడము మేలు చేయబోయి కీడు చేయడమే. ముందుగా ఫోను చేసి, సంచి మార్చే వేళలు తెలుసుకుని వెళ్లండి. ఒకవేళ మీరు వెళ్లేటప్పటికి మొదలుపెట్టి ఉంటే, వసారాలో కూర్చుని, ఆ ఇంటి తల్లితో కాసేపు మాట్లాడండి. సంచులు మోసేది, వేళలు చూచేది, రాత్రి ద్రవము సరిగా దిగిందో లేదో లేచి చూచేది చాల ఇండ్లలో ఆమే. ఆమె ఎలా ఉన్నదని అడిగేవారు తక్కువ.